సబ్‌మెరైన్ నుంచి సింహాచలం బస్సు దాకా

బయల్దేరే ముందు రోజు రాత్రి డల్లాస్ నుంచి మా బావ ఫోన్. "ఇప్పుడు వైజాగ్ ఎందుకురా? బీచ్ రోడ్డు మీదకి సముద్రం వచ్చేసిందట కదా!" వెనకే వీడియో పంపాడు. తాటిచెట్టంత అల వచ్చి ఏదో హోటల్ అద్దాలు పగలగొడుతోంది, జనం కేకలు. భయపెట్టేలాగే ఉంది గానీ, ఆ వీధిలో దుకాణాల బోర్డుల మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. ఆ మాటే అంటే, "ఇక్కడ మనవాళ్ల గ్రూపులన్నిటిలో తిరుగుతోంది, ఊరికే పెడతారా?" అన్నాడు. వైజాగ్ అంటే వాళ్లకి అక్కడ గుర్తుండేవి రెండే: హుద్‌హుద్ తుఫాను, గ్యాస్ లీకు. ఊరు మామూలుగా బతికిన రోజుల వీడియో ఎవరు పంపుతారు కనుక.

రాజమండ్రి నుంచి రత్నాచల్‌లో దిగాను. స్టేషన్ బయట ఆర్కే బీచ్‌కి ఆటోవాళ్లు చెప్పిన రేటు వింటే, సముద్రం నిజంగానే పొంగి రోడ్లు తెగాయేమో అనిపించింది. రూము సంగతి ఇంకా అన్యాయం. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని ఎక్కువ తీసుకున్నారు. కనిపించింది పక్క బిల్డింగ్ వాటర్ ట్యాంకు. సముద్రం మాత్రం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. మురీ మిక్చర్ తింటూ దాన్ని ఒక ఫొటో తీసి బావకి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

కురుసుర సబ్‌మెరైన్ చిన్నప్పుడు నేను చూడలేదు, అప్పటికింకా నీళ్లలోనే ఉంది. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరయ్యాక ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. లోపల గైడ్లుగా ఉండేది నేవీలో పనిచేసి వచ్చినవాళ్లు. మాకు దొరికిన పెద్దాయన టార్పెడోలు, బంకులు గబగబా చూపించేసి ఘాజీ కథ దగ్గర ఆగిపోయాడు. వెనకాల బ్యాచ్ వాళ్లు తోస్తున్నా కదల్లేదు.

1971లో మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి పాకిస్తాన్ తన సబ్‌మెరైన్ ఘాజీని బంగాళాఖాతంలోకి పంపింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది ఇక్కడే ఉందని శత్రువు నమ్మాలి. తూర్పు నౌకాదళానికి అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ కృష్ణన్ పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ని విక్రాంత్‌లా నటించమన్నారు. పెద్ద ఓడ నుంచి వెళ్లినట్టే వైర్‌లెస్ మెసేజ్‌లు మోగించారు. ఇక్కడే పెద్దాయన కళ్లు మెరిశాయి. అంత పెద్ద ఓడకి సరిపడా మాంసం, కూరగాయలు, రేషను ఊళ్లో కాంట్రాక్టర్లకి ఆర్డరిచ్చారట. ఎవడో గూఢచారి లెక్కేసి కబురు పంపుతాడు కదా! డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ ఈ హార్బర్ ముందే మునిగిపోయింది. లోపలున్న తొంభై మందికి పైగా చనిపోయారు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకని (నీళ్లలో పేలే బాంబులు) మనవాళ్లు, కాదు లోపల జరిగిన పేలుడుకో సొంత మైన్లకో అని పాకిస్తాన్ వాళ్లు, ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మా బ్యాచ్‌లో ఒక కుర్రాడు ఉత్సాహం పట్టలేక, "అంకుల్, మొన్న కరాచీ పోర్టుని కూడా మన నేవీ లేపేసింది కదా!" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"టీవీలో చూపించారు అంకుల్, లైవ్."

"నేవీ చెప్పిందా?"

కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. పెద్దాయనకి నవ్వు రాలేదు. "కరాచీని కొట్టింది 1971 డిసెంబర్ 4న. అందుకే ఆ రోజు నేవీ డే. మొన్న మేలో స్టూడియోల్లో కొట్టారు. మా సీనియర్లు ఏమార్చింది కరాచీ వాణ్ని బాబూ. వీళ్లు ఏమార్చింది నిన్ను. పదండి, పదండి, లైన్ ఆగిపోయింది."

పాకిస్తాన్‌తో పోరు నడుస్తున్న 2025 మేలో, ఆ రాత్రి మన ఛానెళ్లలో ఏం నడిచిందో మీరూ చూసే ఉంటారు. తర్వాత విదేశీ పత్రికలు ఆ తప్పుడు కథనాలని ఏకరువు పెట్టి రాశాయి. తిరుగులేని సాక్ష్యంతో మనవాళ్లు నిజం చెప్పినా, బయటివాళ్లు దాన్నీ అదే గాటన కట్టేస్తారు, నా కోపమంతా అక్కడే. సముద్రం వీడియో బావ నమ్మడంలో వింతేముంది, ఇక్కడ మనం చూసే న్యూసే వాళ్లూ అక్కడ చూస్తున్నారు.

విశాఖ మ్యూజియంలో ఎక్కువసేపు లేను, ఉక్క. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. అప్పటి బాంబొకటి అక్కడుంది. ఆ ఏడాదే ఆంధ్ర యూనివర్సిటీని గుంటూరుకి తరలించారు. మా నాయనమ్మ ఆ రోజుల గురించి చెబుతూ, బాంబుల కన్నా "జపాన్ వాడు దిగిపోయాడట" అన్న మాటకే జనం ఎక్కువ పరిగెత్తారనేది. ఎవరు దిగారు, ఎక్కడ దిగారు అనడిగే ఓపిక ఎవరికుంటుంది, ఎడ్లబండి కట్టడమే.

మర్నాడు సింహాచలం బస్సు. 2025 ఆగస్టులో ఆడవాళ్లకి ఫ్రీ బస్సు వచ్చాక మగాళ్లకి సీటు దొరకడం అప్పన్న దయ. టికెట్ కొన్నది మేమే, నిలబడిందీ మేమే. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర సీటు ఖాళీ అయి ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. గోపాలపట్నం వస్తుంటే, "వెంకటాపురం ఇటేనా అమ్మా?" అనడిగాను. నన్ను ఎగాదిగా చూసింది.

"ఇప్పుడేటుందని సూడ్డానికి?"

ఊరికే అడిగానని సర్దుకున్నాను. కాసేపటికి తనే మొదలెట్టింది. 2020 మే 7, తెల్లవారక ముందే ప్లాస్టిక్ కంపెనీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరై ఊరి మీద పడింది. పన్నెండు మంది పోయారు. "సైరన్ కొట్టనేదు బాబూ. కళ్లు మండి లేచినోళ్లు లేచారు, లేవనోళ్లు లేవనేదు." ఆవిడ గొంతులో ఏడుపు లేదు, విసుగే. "అదే రేత్రి మళ్లీ లీకైందని, ట్యాంకు పేలిపోతాదని పుకారు. ఎక్కడెక్కడి కాలనీలోళ్లో, ఆళ్లకీ దీనికీ ఏటీ సమ్మంధం నేదు, పిల్లల్ని బండ్లమీదేసుకుని ఎలిపోనారు. లాక్‌డౌన్ నేదు, ఏటీ నేదు. రోడ్డంతా జనాలే."

అధికారులు అలాంటిదేం లేదని చెప్పారు కదా అన్నాను.

"సెప్పారు. పొద్దున్న లేపవలసినోడు లేపనేదు. ఇంక రేత్రి ఎవుడి మాట ఇంటాం? హుద్‌హుద్ అప్పుడు రోజుల ముందునించీ మైకుల్లో ఒకటే మాట సెప్పారు, ఇన్నాం, ఎలిపోనాం, బతికాం. మొన్న యుద్ధం అన్నప్పుడు మాక్ డ్రిల్లని ఊళ్లో సైరన్లు మోగించారు, మే 7నే. అదేదో ఆనాడు మోగించుంటే..."

వాక్యం పూర్తి చేయలేదు, సంచి సర్దుకుంటోంది. మరి ఇప్పుడు ఫోన్‌లో ఏదైనా వస్తే ఏం చేస్తారని అడిగాను.

"మా మేనల్లుడు ఫైర్ స్టేషన్లో ఉన్నాడు. ఆడికి ఫోన్ చేత్తాను. ఏట్రా సేత్తన్నావంటే అన్నం తింతన్నానంటాడు. అయితే ఏటీ నేదన్నమాట, పడుకుంటాను."

ఆ మేనల్లుడి నంబరు అడుగుదామనుకున్నాను గానీ, ఈలోపు కండక్టర్ నాకు రావలసిన చిల్లర దర్శనం అయ్యాక తీసుకోమన్నాడు. తిరుగు బస్సులో ఇదే కండక్టర్ ఉంటాడని ఎవరు చెప్పారో మరి.