లేని వైరు

షార్జా పారిశ్రామిక వాడలో కార్ల కరెంటు పనికి కుదిరి పదహారేళ్ళయింది. నల్లగొండలో ఐటీఐ చదివి విమానం ఎక్కినప్పుడు పని వచ్చనే అనుకున్నాను. నిజానికి వచ్చింది విప్పడం, బిగించడమే. లోపం వెతకడం నేర్పింది మా షెడ్డులోని పెద్ద ఉస్తాద్, పెషావర్ మనిషి.

మొదటి వేసవిలోనే ఒక పాత కారు వచ్చింది. రాత్రి నిలిపితే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. యజమాని ఏసీలు బాగుచేసే మన పాలమూరు మనిషి. అప్పటికే రెండు బ్యాటరీలు మార్చాడు. అక్కడి ఎండకు బ్యాటరీలు తొందరగా పోతాయి కాబట్టి అందరి అనుమానమూ ముందు దానిమీదికే పోతుంది. నేనూ మూడోది తేబోయాను. ఉస్తాద్ ఆపాడు. మైనస్ వైరు విప్పి, మధ్యలో మీటర్ కలిపాడు. అన్నీ ఆపేసిన కారు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లకు, అంటే 0.05 ఆంపియర్‌కు మించి కరెంటు లాగకూడదు. ఇది 3 ఆంపియర్లు లాగుతోంది. 12 గంటలు నిలిపితే 36 ఆంపియర్ అవర్లు పోతాయి. 45 ఆంపియర్ అవర్ల సామర్థ్యమున్న బ్యాటరీలో ఇక మిగిలేదేమిటి?

ఒక్కొక్క ఫ్యూజే పీకాం. అంకె కదలలేదు. చివరికి, ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనక లావు వైరు విప్పగానే సున్నా దగ్గరకు పడిపోయింది. లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ పోయి, బ్యాటరీ కరెంటు రాత్రంతా వెనక్కి కారుతోంది. పాత కార్లు విప్పి అమ్మే దుకాణంలో దానిమీది నంబరుకు సరిపోయే ఆల్టర్నేటర్ దొరికింది. ఆకారం ఒకటే అని తెస్తే ప్లగ్గు కలవదు, పుల్లీ తేడా వస్తుంది. ఆ రెండు బ్యాటరీల డబ్బు ఆయన ఇంటికి పంపాల్సినది. గుడ్డిగా పార్టులు మార్చడం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మొన్న సంక్రాంతి సెలవుకు నకిరేకల్‌లో అక్కావాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో బావ పాత మారుతి 800. బత్తాయి తోటకు, మార్కెట్టుకు ఆయనకు అదే దిక్కు. కొన్ని నెలలుగా తాళం తిప్పితే ఇంజన్ మూలుగుతోందట. కొత్త బ్యాటరీ వేయించాడు. తర్వాత ఇంజన్‌ను మొదట తిప్పే స్టార్టర్ మోటారూ మార్పించాడు. మూలుగు మాత్రం పోలేదు.

"ఇక దీన్ని అమ్మేద్దామనుకుంటున్నాను. కొత్తదానికి నువ్వు కొంత సర్దాలి" అన్నాడు బావ.

బానెట్ ఎత్తాను. బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది, దానికేం లోటు లేదు. మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజన్‌కు తాకించి బావను తాళం తిప్పమన్నాను. అక్కడ 0.2 వోల్టులు దాటకూడదు. 2.6 వచ్చింది. బ్యాటరీ పెట్టే బలంలో అంత భాగం దారిలోనే పోతోంది. రెండోసారి తిప్పినప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ మీద చేయి వేశాను. చురుక్కుమంది. పైతొడుగు ఒకచోట మెత్తబడి, కరిగి, నల్లగా ముడుచుకుపోయింది.

"దీనికి క్లచ్ పని ఎప్పుడు చేయించారు బావా?"

"దసరా ముందు. ఆ తర్వాతే ఈ బాధ మొదలైంది. నీకెలా తెలిసింది?"

క్లచ్ కోసం గేర్‌బాక్సు దించితే దానికి బిగించిన ఎర్త్ వైరు, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వచ్చే వైరు, విప్పక తప్పదు. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వెళ్ళే వైరు ఉంది, గేర్‌బాక్సుకు వెళ్ళేది లేదు. బోల్టు ఉండే చోటు ఖాళీగా, దుమ్ము పట్టి ఉంది. స్టార్టర్ తిరిగేటప్పుడు లాగే కరెంటు వంద ఆంపియర్లు దాటుతుంది. అంత కరెంటూ తిరిగి రావడానికి దారి లేక సన్నటి యాక్సిలరేటర్ కేబుల్‌ను, క్లచ్ కేబుల్‌ను పట్టుకుంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిపితే మంటలే వచ్చేవి. అక్క, పిల్లలు ఆ కారులోనే తిరుగుతారు.

బజారులో లావు రాగి వైరు కొని, రెండు కొనలకూ బోల్టుకు బిగించే లగ్గులు గట్టిగా నొక్కించాను. గేర్‌బాక్సు మీద బోల్టు చోటును ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాను. 300 రూపాయలు కూడా కాలేదు. కరిగిన కేబుల్‌నూ మార్చాం. మీటర్ 0.1 చూపింది. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది.

తీసేసిన పాత స్టార్టర్ ఉందా అని అడిగాను. అక్క వెనక గదిలోంచి గోనెసంచిలో తెచ్చింది. కాలితో అదిమిపట్టి నేరుగా బ్యాటరీకి కలిపాను. గిర్రున తిరిగింది. బావ చాలాసేపు దానివైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గుడ్డతో తుడిచి, మళ్ళీ సంచిలో చుట్టి లోపల పెట్టాడు.