దుప్పట్లో దొరికిన సూది

పోయిన నెల నైట్ డ్యూటీలో దుప్పట్లు మూట కడుతూ మా ఆయా "అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. చూస్తే దుప్పట్లో సూది. ఇంజెక్షన్ చేసినవాళ్లెవరో మంచం మీదే వదిలేసి పోయారు. వేలికొచ్చిన రక్తం చీరకి తుడిచేసుకుని "ఏటీ అవదు సిస్టరమ్మా, ఎవరికీ చెప్పకండి, మళ్లీ నన్నే అంటారు" అంది. నాకు ఒళ్లు మండింది, ఆమె మీద మాత్రం కాదు.

ఏడేళ్ల కిందట నేనూ ఇలాగే దాచాను. మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి, అప్పటికి ఉద్యోగం కొత్త. రక్తం తీసిన సూదికి రెండు చేతులతో క్యాప్ పెడుతుంటే కరెంటు పోయి ఎడమ చూపుడు వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకున్నాను, అందరం చేసేదే, కానీ చెయ్యకూడదు. పిండకూడదు కూడా, సబ్బుతో నీళ్ల కింద కడుక్కోవాలి, అంతే.

క్యాప్ మళ్లీ పెట్టొద్దని ట్రైనింగులో అందరికీ చెప్తారు. అయినా పెడతాం. ఎందుకంటే సూదులు వెయ్యాల్సిన తెల్ల డబ్బా వార్డు ఆ చివర ఉంటుంది, రోగి ఈ చివర ఉంటాడు, క్యాప్ లేని సూది పట్టుకుని మంచాల మధ్య, బంధువుల మధ్య అంత దూరం ఎవరు నడుస్తారు? డబ్బా, సూదిని కత్తిరించే హబ్ కట్టర్ ట్రాలీ మీదే ఉంటే క్యాప్ గొడవే ఉండదు. డబ్బా ముప్పావు నిండగానే మార్చాలి కూడా, మా దగ్గర మూత పడనంతవరకూ కుక్కుతారు.

ఆయా సంగతికొస్తే, గోడ మీద బోర్డులు ఒడియాలో, ఇంగ్లీషులో ఉన్నాయి. ఆవిడ రోజూ ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వస్తుంది, తెలుగే కూడబలుక్కుని చదువుతుంది. కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి జబ్బుకి వేసే టీకా మూడు డోసుల్లో ఒక్కటే వేయించుకుంది, మిగతావి ఎవరూ గుర్తు చెయ్యలేదట. అందరికీ హెచ్‌ఐవి అంటేనే టెన్షన్ గానీ, ఆ సూది రక్తంలో హెచ్‌ఐవి ఉన్నా అంటుకునేది వెయ్యిలో ముగ్గురికి. అదే హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లలో వందకి 6 నుంచి 30 మంది దాకా. దీనికి టీకా ఉంది, అదీ నా కోపం.

ఆ మంచం మనిషి సాయంత్రమే డిశ్చార్జి అయి కొండ మీద ఊరికి వెళ్లిపోయాడు, రక్తం టెస్టు చేద్దామంటే లేడు. డ్యూటీ డాక్టరుని లేపాను, కాస్త విసుక్కున్నారు గానీ లేచారు. హెచ్‌ఐవి రాకుండా వేసే మాత్రలు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇక లాభం లేదు. మా ఆయాకి మూడు గంటల్లోపే మొదలుపెట్టాం, ఆగిపోయిన టీకా కూడా వేశాం. మాత్రలు 28 రోజులు, కడుపులో తిప్పుతోందని రోజూ సణుగుతూనే మొత్తం వేసుకుంది. రిజిస్టరులో నేనే రాశాను, సూది వదిలేసినవాళ్ల షిఫ్టుతో సహా. దానికి ఒకరిద్దరు నాతో మాట్లాడటం మానేశారు, మానెయ్యనీ.

ఇప్పుడు ఆవిడ టార్చి వేసి చూడకుండా దుప్పటి ముట్టదు. హెచ్‌ఐవి అంటిందో లేదో చూసే ఆరు వారాల టెస్టుకి ఇంకా పది రోజులుంది. డ్యూటీకి రాగానే "ఎన్ని రోజులమ్మా ఇంకా" అని అడుగుతుంది, నేను క్యాలెండరు చూసి చెప్తాను.