క్యూ ఉండాలి, యూ ఉండకూడదు

నిన్న సాయంత్రం మా పాప ఇంగ్లీషు నోట్‌బుక్ తిరిగొచ్చింది. పదికి పది. ఆ పది కోసం నాకు మూడు వారాలు పట్టింది. కడుపులో మంట చల్లారకముందే రాసేస్తున్నా, ఇంకో తల్లికో తండ్రికో పనికొస్తుంది.

దసరా సెలవుల హోంవర్క్ అది. పాపది ఏడో తరగతి. ఐదక్షరాల ఇంగ్లీషు పదాలు పది రాయాలి, ప్రతి పదంలో క్యూ ఉండాలి, యూ ఉండకూడదు. పాప ముందు ఖతార్, ఇరాకీ రాసింది. రెండూ ఐదక్షరాలే, రెండిట్లోనూ క్యూ ఉంది. కానీ ఒకటి దేశం పేరు, ఇంకోటి ఒక దేశపు మనుషుల పేరు. పెద్దక్షరంతో రాసే పేర్లు ఇలాంటి లెక్కల్లోకి రావని కొట్టేయించాను.

డిక్షనరీ తీస్తే క్యూ కింద ఉన్నవే కొద్ది పేజీలు. వాటిల్లోనూ దాదాపు అన్నిటికీ క్యూ పక్కనే యూ. మరి క్యూ మధ్యలోనో చివర్లోనో వచ్చే పదాన్ని ఎక్కడని వెతకాలి? డిక్షనరీ మొదటి అక్షరం పట్టుకుని పేర్చిన పుస్తకం, లోపలి అక్షరం అడిగితే అది చెప్పదు.

బెంగళూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, పొద్దస్తమానం ఎక్సెల్ ముందే కూర్చుంటావు, దాన్నే అడగరాదూ" అన్నాడు. నిజమే, పన్నెండేళ్లుగా అకౌంట్స్ నా పని. ఇంగ్లీషు పదాల జాబితా ఒకటి దించుకుని ఒక కాలమ్‌లో పోశాను. పక్క కాలమ్‌లో అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఫార్ములా పెట్టి, ఐదు వచ్చినవాటినే ఫిల్టర్ చేస్తే అన్నీ నాలుగక్షరాల పదాలు వచ్చాయి! ప్రతి పదం వెనక కనిపించని ఖాళీ ఒకటి ఉండటమే కారణం. అదనపు ఖాళీలు తీసేసే ట్రిమ్ కొట్టాక సరైంది. ఆ తర్వాత టెక్స్ట్ ఫిల్టర్‌లో ఒక షరతు కంటైన్స్ క్యూ, రెండోది డజ్ నాట్ కంటైన్ యూ. అంతే, లక్షకు పైగా పదాలు కాస్తా ఒక్క స్క్రీన్‌లో పట్టేన్ని మిగిలాయి.

అందులోంచి పది ఏరాం: ఖనాత్, ఖాదీస్, ఖాయిద్స్, ఖిబ్లా, ఖెపిక్, ఖోఫ్స్, ఫకీర్, నిఖాబ్, తలాఖ్, ట్రాంక్. వీటిలో ఖ ఉన్నచోటల్లా, ఫకీర్, ట్రాంక్‌లలో క ఉన్నచోట, ఇంగ్లీషులో క్యూ ఉంటుంది. ఖనాత్ అంటే భూమి లోపల తవ్విన నీటి కాలువ, మన పక్కనే బీదర్‌లో ఉన్న కరేజ్ అలాంటిదే. ఖెపిక్ అజర్‌బైజాన్ వాళ్ల చిల్లర నాణెం. ఖోఫ్ హీబ్రూ అక్షరం. ట్రాంక్ మత్తుమందుకి పొట్టి పేరు. మిగతావాటికి డిక్షనరీ అక్కర్లేకపోయింది. పై వాటాలో ఉండే ముస్లిం పిన్నికి, మేం ఖాలా అని పిలుస్తాం, చదివి వినిపిస్తే నవ్వింది. "ఇవన్నీ మా ఇంట్లో మాటలే కదమ్మా" అంటూ, ఖిబ్లా అంటే నమాజు చేసే దిక్కు అని, ఖాదీ అంటే మనం ఖాజీ అంటామే ఆయనే అని, ఖాయిద్ అంటే నాయకుడు అని పాపకి ఓపిగ్గా చెప్పింది.

సెలవులయ్యాక నోట్‌బుక్ వచ్చింది. ఆరు పదాల మీద ఎర్ర ఇంటూలు. ఖాదీస్, ఖాయిద్స్, ఖిబ్లా, ఫకీర్, నిఖాబ్, తలాఖ్. పదికి నాలుగు. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం: ఇవి ఉర్దూ మాటలు, తల్లిదండ్రులు పిల్లల్ని తప్పుదారి పట్టించవద్దు.

శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో అడిగాను. నా వెనక ఇంకో నలుగురైదుగురు తల్లిదండ్రులు వరసలో ఉన్నారు. టీచర్ నోట్‌బుక్ తిప్పి కూడా చూడలేదు. "మీరు తెలుగు మీడియంలో చదివారా మేడం?" అని అడిగింది, అందరికీ వినిపించేలా. అవునన్నాను. "అదే" అంది, అని తర్వాతి వాళ్లని పిలిచింది. పాప నా పక్కన నిలబడి బ్యాగు జిప్పు లాగుతూ, మూస్తూ ఉంది. ఆ జిప్పు చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

అవును, నల్లగొండ జిల్లాలో సర్కారు బడిలో తెలుగు మీడియంలోనే చదివాను. అందుకే నాకు తెలుసు, ఇంగ్లీషు వాళ్లు బాండికూట్ అనేది మన పందికొక్కునే. అది ఇంగ్లీషు మాట కాదని ఎవరైనా కొట్టేస్తారా? కాటమరాన్ అనే పడవ పేరు తమిళం నుంచి పోయింది. ఇంగ్లీషు పెరిగిందే అలా, ఊరూరా మాటలు ఏరుకుని. పిల్ల చెవిన రోజూ పడే మాట పుస్తకంలో కూడా ఉంటే సంతోషించాల్సింది పోయి, ఎర్ర సిరాతో కొట్టేస్తే ఆ పిల్ల ఏం నేర్చుకుంటుంది?

సోమవారం సగం రోజు సెలవు పెట్టి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లాను. మందపాటి ఇంగ్లీషు డిక్షనరీలు ముందేసుకుని ఐదు పదాలకి పేజీలు ఫోటో తీశాను. ఖాయిద్ ఒక్కటి అక్కడ దొరకలేదు, దానికి స్క్రాబుల్ పదాల జాబితా పట్టుకున్నాను. అక్షరాల బిళ్లలతో ఇంగ్లీషు పదాలు పేర్చే ఆట అది. స్క్రాబుల్ ఆడేవాళ్లు ఇలాంటివి కంఠస్థం చేస్తారు. వంద బిళ్లల్లో క్యూ ఒక్కటే, దానికి పది పాయింట్లు, యూ ఉన్నవేమో నాలుగే. యూ చేతికి రాకపోతే వాళ్లని ఆదుకునేవి ఈ మాటలే.

అన్నీ ప్రింట్ తీసి, మాటల కింద గీతలు గీసి, ఈసారి టీచర్ దగ్గరికి కాకుండా నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను. మీరూ అదే చేయండి. నోటిమాటతో వెళ్లొద్దు, కాగితంతో వెళ్లండి. ఇంకో సంగతి, హోంవర్క్ ఇచ్చిన రోజే రెండు ప్రశ్నలు అడిగి డైరీలో రాయించుకోండి. ఏ డిక్షనరీ లెక్క? అసలు యూనే ఉండకూడదా, క్యూ వెనక మాత్రమే ఉండకూడదా? రెండోదైతే బుర్ఖా కూడా పనికొస్తుంది, బీ యూ ఆర్ క్యూ ఏ. మేం అడగలేదు కాబట్టి ఆ పదం వదులుకున్నాం.

ప్రిన్సిపాల్ కాగితాలన్నీ చదివి, ఉంచుకుంటానన్నారు. నాలుగు రోజులకి నోట్‌బుక్ వచ్చింది. నాలుగు కొట్టేసి పది వేసి ఉంది, పక్కన టీచర్ సంతకం. మాట మాత్రం ఏమీ రాయలేదు. ఎర్ర ఇంటూలూ అలాగే ఉన్నాయి. పాప పెన్సిల్ తీసుకుని ఒక్కో ఇంటూ పక్కన ఆ మాట దొరికిన పేజీ నంబరు రాసుకుంది.