నెల తిరక్కుండా రెండో ఓటు

2022 డిసెంబర్ 2. అమెరికాలోని జార్జియాలో సెనేట్ (ఎగువసభ) సీటుకి రనాఫ్, అంటే రెండో విడత పోటీ. దానికి ముందస్తు ఓటింగ్ చివరి రోజు. చలిలో గంటన్నర నిలబడ్డాను. లైన్లో ఉండగానే గుంటూరు నుంచి అమ్మ ఫోన్: "మళ్ళీ ఎలక్షన్లేంటే, మొన్ననేగా వేశావు?"

నిజమే. నవంబర్‌లో సిటింగ్ సెనేటర్ రఫాయెల్ వార్నాక్‌కి 49.4 శాతం, ప్రత్యర్థి హర్షెల్ వాకర్‌కి 48.5 వచ్చాయి. ఇక్కడ సగం దాటితేనే గెలుపు. లేకపోతే మొదటి ఇద్దరికీ మళ్ళీ పోటీ. పాపం వార్నాక్ పేరు రెండేళ్ళ పైచిలుకులో బ్యాలెట్ మీదికి రావడం ఇది ఐదోసారి! ఒక మనిషిని ఇన్నిసార్లు పరీక్ష పెట్టడం నాకు అన్యాయమే అనిపించింది.

స్క్రీన్ మీద నొక్కితే కాగితం ప్రింటయి వచ్చింది. పేరు రెండుసార్లు చదువుకుని స్కానర్‌లో పెట్టాను. సిటిజన్‌షిప్ వచ్చాక నాకిది రెండో ఓటే, చేతులు ఇంకా వణికాయి. వేలికి సిరా చుక్క లేదు, పీచ్ పండు బొమ్మ ఉన్న స్టిక్కర్ ఇచ్చారు.

6న, పోలింగ్ రోజు రాత్రి నిద్రపోలేదు, అంత టెన్షన్. చివరికి వార్నాక్ 51.4 శాతంతో గెలిచారు, తేడా లక్ష ఓట్లకు కాస్త తక్కువ. అమ్మకి ఫోన్ చేస్తే, "నీ ఓటు కూడా అందులో ఉందిగా" అంది. ఏడుపొచ్చేసింది.