వేలు అందట్లేదు

"సార్, నా వేలు అందట్లేదు."

ఫైరింగ్ రేంజ్‌లో ఇవాళ ఆ కానిస్టేబుల్ మెల్లగా అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

కొత్త సర్వీస్ పిస్టల్ ఎంపికకు ట్రయల్స్ జరుగుతున్నాయి. అది నాకు బాగా నచ్చిన పిస్టల్. ఆమె చేతిలో మాత్రం పట్టు పక్కకి తిరిగిపోయింది. చూపుడు వేలి కొస ఒక్కటే ట్రిగ్గర్‌ని తాకుతోంది. గుళ్లన్నీ ఎడమవైపుకే పోయాయి.

పట్టు వెనకుండే బ్యాక్‌స్ట్రాప్ తీసి చిన్న సైజుది బిగించాం. అదే మనిషి, అదే దూరం. ఈసారి ఐదు గుళ్లూ అరచేతి వెడల్పులో పడ్డాయి. ఆమె ముఖం చూడాలి!

మేమేమో ఇన్నాళ్లూ క్యాలిబర్ (తూటా ఎంత లావుండాలి) గురించే వాదించుకున్నాం. 1986లో మయామీలో దొంగలతో జరిగిన కాల్పుల తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కూడా 9 ఎంఎం తూటా చాలదనుకుని 10 ఎంఎంకి, ఆ తర్వాత .40 అంగుళాల తూటాకి వెళ్లింది. చివరికి మళ్లీ 9 ఎంఎంకే వచ్చింది. తూటాలు మెరుగుపడ్డాయి, పైగా రీకాయిల్, అంటే పేల్చినప్పుడు పిస్టల్ వెనక్కి తన్నడం, తక్కువైతే ఎక్కువమంది సూటిగా కొట్టగలరు.

"గురి లేదు" అని ఎంతమందికి రిమార్కు రాశానో. వాళ్లలో ఎందరికి వేలు అందలేదో. నిజంగా బాధగా ఉంది.

రేపటి ట్రయల్‌కి చిన్న చేతులున్నవాళ్లనే ముందు పిలవమన్నాను.