అంచు పట్టీల పని మొదలైంది: గుమ్మాలు, గోడలు

నేల మీద చెక్క పలకలు పరచడం అయిపోయింది. గోడల వెంట వదిలిన 10 మిల్లీమీటర్ల సందు చూసి, వచ్చినవాళ్లంతా గోడకు ఆనించేసి ఉంటే సరిపోయేదిగా అంటున్నారు. సరిపోదు. చెక్క తేమను పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, పొడి గాలిలో ముడుచుకుంటుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే నేల మధ్యలో పైకి లేస్తుంది. అందుకే పట్టీ సందును కప్పాలి గానీ పూడ్చకూడదు. ఏ పట్టీ కొన్నా ఈ షరతు చూసుకునే కొన్నాను.

ముందు గుమ్మాల దగ్గర ఎత్తులు కొలిచాను. చెక్క మీద ఇనుప స్కేలును అవతలి గది టైల్స్ పైకి చాచి పెట్టి, దాని కింద డ్రిల్ బిట్లను ఒక్కొక్కటిగా దూర్చి చూశాను. 6 మిల్లీమీటర్ల బిట్ బిగువుగా దూరింది, 7 దూరలేదు. టేపుతో ఇంత కచ్చితంగా తేలదు. గుమ్మం రెండు చివర్లలోనూ, మధ్యలోనూ చూడాలి, టైల్స్ ఎక్కడా ఒకే మట్టంలో ఉండవు.

తేడా ఉన్న ఆ గుమ్మానికి ఒకవైపు వాలుగా దిగే రెడ్యూసర్ తీసుకున్నాను. రెండు వైపులా అదే చెక్క, అదే ఎత్తు ఉన్న గుమ్మానికి టీ ప్రొఫైల్, అంటే T ఆకారపు పట్టీ. జరిపే అద్దం తలుపు పట్టాల దగ్గర నేల అక్కడితో ఆగిపోతుంది కాబట్టి ఎల్ ఆకారపు ముగింపు పట్టీ. నిజానికి టీ ప్రొఫైల్ లేకుండా రెండు గదుల్లోనూ ఏకధాటిగా పరచవచ్చు కదా అనిపిస్తుంది, చూడటానికీ అదే బాగుంటుంది. కానీ అతికించకుండా తేలియాడేలా పరిచిన నేలకు గుమ్మం దగ్గర విరామం ఇవ్వమని చాలామంది తయారీదారులు చెబుతారు. ఒకే పొడవుగా ఎంతవరకు పరచవచ్చో పెట్టెలోని కాగితంలో ఉంటుంది, అది చదివాకే నిర్ణయించుకోవాలి.

వెనక జిగురు ఉన్న పట్టీలను చూసి పక్కన పెట్టాను. అడుగులు ఎక్కువగా పడే గుమ్మంలో అంచులు లేస్తాయి. పైనుంచి స్క్రూ బిగించేవి గట్టివే, కానీ స్క్రూ తలల్లో మట్టి చేరితే ఎంత తుడిచినా పోదు. చివరికి రెండు భాగాల అల్యూమినియం పట్టీ కొన్నాను: కింది పట్టా కాంక్రీటుకు స్క్రూలతో, పై మూత దాని మీద నొక్కి బిగించేది. మూత వెడల్పు 36, మొత్తం సందు 20, అంటే రెండు వైపులా 8 మిల్లీమీటర్ల చొప్పున పలక మీద కూర్చుంటుంది. చెక్క రెండు మూడు మిల్లీమీటర్లు ముడుచుకున్నా సందు బయటపడదు.

పట్టాను పలకకు ఆనకుండా సందు మధ్యలో పెట్టి గుర్తులు గీశాను. కింద పైపులూ వైర్లూ లేవని నిర్ధారించుకున్నాకే 6 మిల్లీమీటర్ల రంధ్రాలు, వాటిలో ప్లగ్గులు. దుమ్ము మొత్తం లాగేయాలి, లేకపోతే ప్లగ్గు పూర్తిగా దిగదు. స్క్రూ తల పట్టాలో మునిగిపోవాలి, కాస్త పైకి ఉన్నా మూత కూర్చోదు.

మూత కోయడం ఓపిక పని. కోసే గీత మీద మాస్కింగ్ టేపు చుట్టి, సన్నని పళ్ల హ్యాక్సా బ్లేడుతో కోశాను. తర్వాత ఆకురాయిని పై ముఖం నుంచి కిందికే నడపాలి, వెనక్కి లాగితే రంగు పొర పెచ్చులుగా ఊడుతుంది. ద్వారబంధం మెలికల ప్రకారం మూతను చెక్కే అవసరం రాలేదు. ఎందుకంటే పలకలు పరిచేటప్పుడే, ఒక పలక ముక్కను దాని అడుగు పొరతో సహా నేల మీద పెట్టి, రంపాన్ని దాని మీద బల్లపరుపుగా ఆనించి బంధం అడుగు కోసేశాను. పలకలు దాని కిందికి దూరిపోయాయి. మూతకు తిన్నని కోత చాలింది. చెక్క ముక్క అడ్డం పెట్టి రబ్బరు సుత్తితో ఒక చివర నుంచి తడుతూ వెళ్తే ఒక్కో చోట టక్కున కూర్చుంది.

స్కర్టింగ్, అంటే గోడ అడుగున బిగించే పట్టీ, సగమే అయింది. మేకులు గోడకే, పలకకు ఒక్కటి కూడా తగలకూడదు. అడుగున దళసరి కాగితం పెట్టి బిగించి, తర్వాత లాగేస్తున్నాను, నేల కదలడానికి ఆ వెసులుబాటు చాలు. బయటి మూల ఒకటి 90 డిగ్రీలకు బదులు 92 వచ్చింది, కాబట్టి ఒక్కో ముక్కకు 46 డిగ్రీల కోత. లోపలి మూలల్లో ఒక పట్టీని గోడకు ఆనించి, రెండోదాన్ని దాని ఆకారం ప్రకారం సన్న రంపంతో చెక్కుతున్నాను. గోడ వంకరగా ఉన్నా అతుకు విచ్చుకోదు.

మిగిలింది మెట్టు అంచు. అక్కడ మాత్రం నేల కదలడానికి వదలాలనే ఈ లెక్క తిరగబడుతుంది: కాలి బరువంతా ముందు అంచు మీదే పడుతుంది కాబట్టి, ఆ పట్టీ కదలకుండా జిగురు, స్క్రూలు రెండూ కావాలి. పలక మందానికి సరిపడే ముక్క దొరికాక ఆ పని పెట్టుకుంటాను.