ఆకురాయితో ఒక మిల్లీమీటరు

ఆదివారం, రాత్రి 9:40

నాన్న సైకిలు ముందు చక్రం నెల రోజులుగా కరకరమంటోంది. చక్రం నడిమధ్య ఇరుసు చుట్టూ తిరిగే హబ్బులో, గోళీలు దొర్లే కోన్లు అరిగి గుంటలు పడ్డాయి. మేనల్లుడు తన పాత గేర్ల సైకిలు హబ్బు తెచ్చిచ్చాడు. "మావయ్యా, దీనికి డిస్క్ బ్రేకు కూడా పెట్టుకోవచ్చు" అని ఊరించాడు. అంటే హబ్బుకి బిగించిన పళ్లెం లాంటి డిస్కును పట్టి ఆపే బ్రేకు. మన పాత సైకిళ్లకి వెనక 40 స్పోకులు, ముందు 32. ఈ హబ్బుకీ 32 బెజ్జాలే. ఇంకేం, సరిపోయిందనుకున్నాను.

పొద్దున్నే సైకిలు రిపేరు షాపుకెళ్లాను. పాత స్పోకులు పొడుగైపోతాయని షాపు బాబాయ్ కొత్తవి తెప్పించాడు. చక్రం అల్లి, బెండు తీసేసరికి పదకొండు దాటింది. అసలు కథ అప్పుడు మొదలైంది. ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకునే ఫోర్కు కొసల్లో ఉన్న గాడిలోకి ఇరుసు దూరదే! గాడి ఎనిమిది మిల్లీమీటర్లు, ఇరుసు తొమ్మిది. పైగా హబ్బు 100 మిల్లీమీటర్ల వెడల్పు, ఫోర్కు కాళ్ల మధ్య చోటు 95కి అటూ ఇటూ.

"ఆకురాయి పెట్టనా?" అన్నాడు. నాకు గుండె కాస్త దడదడలాడింది. వెనక ఏది విరిగినా దిగి నడిపించుకుంటూ రావచ్చు. ముందు ఫోర్కు విరిగితే మూతి నేలకే.

"ఇది ఇనుము అబ్బాయ్, అల్యూమినియం అయితే నేనే ముట్టుకోను" అన్నాడు. గాడికి అటు అర మిల్లీమీటరు, ఇటు అర మిల్లీమీటరు మాత్రమే అరగదీశాడు. నాలుగు సార్లు రుద్దడం, ఇరుసు పెట్టి చూడడం, మళ్లీ రుద్దడం. గాడి పైకొస మాత్రం లోతు చెయ్యలేదు. ఒక పక్క ఎక్కువ తింటే చక్రం వాలుగా కూర్చుంటుందట. తర్వాత కాళ్లు మెల్లగా విడదీశాడు. రెండు కొసలూ ఎదురెదురుగా సమంగా ఉన్నాయో లేదో ఒంటికన్నుతో చూశాడు. అవి వంకరైతే నట్టు ఒక అంచు మీదే కరుస్తుంది, ఇరుసు వంగుతుంది. ఆ చూడడానికే పావుగంట పట్టింది. నాకేమో ఆకలి.

డిస్క్ బ్రేకు మాట ఎత్తగానే మాత్రం పానా కింద పెట్టేశాడు. "ఫోర్కుకి వెల్డింగ్ పెట్టి, బ్రేకు బిగించే చెవి అతికించాలి. నేను చెయ్యను, ఇంకెవడు చేస్తానన్నా చేయించకు."

ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆయన మాటే సబబనిపించింది. మన పాత సైకిలు రాడ్ బ్రేకు రిమ్మును పట్టుకుంటుంది, ఆ బరువు ఫోర్కు పైభాగం మోస్తుంది. డిస్కు అయితే మొత్తం ఫోర్కు ఎడమ కాలి కింది కొస మీదే పడుతుంది. సన్నటి గొట్టం, దాని మీద వెల్డింగ్ వేడి. ఇంకో సంగతి, బ్రేకు ఆ కాలి వెనక నుంచి డిస్కును పట్టగానే ఇరుసు కిందికి తోసుకుంటుంది. మన ఫోర్కు గాడి తెరుచుకుని ఉండేదీ కిందికే. మేనల్లుడికి ఫోన్ చేసి చెబితే "అబ్బా మావయ్యా, అంత టెన్షనెందుకు" అన్నాడు. వాడి ఫోర్కు దానికోసమే చేసింది మరి.

సాయంత్రం కాలవ గట్టు దాకా తొక్కాను. కరకర పోయింది. అరగదీసిన చోట తెల్లగా ఇనుము కనిపిస్తోంది, తుప్పు పట్టకుండా అమ్మాయి గోళ్లరంగు పూశాను. ఎర్రటిది. దానికి చెప్పలేదు ఇంకా.

రేపు ఆఫీసుకి బయల్దేరే ముందు నట్లు ఇంకోసారి బిగించి చూసుకోవాలి.